స్వరూప మోసిన నా జాతకం

చాలా ఏళ్లుగా ఒక మాట నా లోపల బరువుగా కూర్చుని ఉంది. చిత్రమేమిటంటే, అది గుర్తుకొచ్చినప్పుడల్లా నాకు ముందు నవ్వు వస్తుంది. గుండెలో కలుక్కుమనడం ఆ తరువాతే. ఇలాంటి తప్పును ఎవరితో చెప్పుకోవాలి? ఏడుస్తూ చెబితే ఓదారుస్తారు. నవ్వుతూ చెబితే, పోనిద్దూ, అదీ ఒక తప్పేనా అంటారు. నాకు ఆ రెండూ వద్దు. అందుకే ముఖం తెలియని మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

ఒక అమ్మాయి పెళ్లి నేను నా జాతకం పెట్టి జరిపించాను. అదీ నేను చేసిన పని. ఆమె జాతకం అనుకుని అందరూ చూసింది నాది. ఆ సంగతి ఆమెకు తెలియదు, పెళ్లికొడుకుకు తెలియదు, ముహూర్తం పెట్టిన పంతులుగారికి కూడా తెలియదు.

దీనికంతటికీ మొదలు ఒక హార్డ్ డిస్క్.

అప్పట్లో నేను కరీంనగర్‌లో నరహరి పంతులుగారి దగ్గర పనిచేసేదాన్ని. బస్టాండుకు దగ్గరలో, చెప్పుల దుకాణం మీద ఒక చిన్న గది. మెట్ల దగ్గర ‘కంప్యూటర్ జాతకము’ అని పసుపు రంగు బోర్డు. పంతులుగారు జీవితమంతా చేత్తోనే చక్రాలు వేసినవారు. కళ్లలో పొర కమ్మి పంచాంగంలోని చిన్న అక్షరాలు అలుక్కుపోవడం మొదలయ్యాక, హైదరాబాదులో ఉండే ఆయన అల్లుడు ఎవరో వాడి వదిలేసిన కంప్యూటరొకటి తెచ్చి పెట్టాడు. నేను కంప్యూటర్ కోర్సు చేసి ఇంట్లో ఖాళీగా ఉన్నాను. సర్కారు నౌకరి వచ్చేదాకా ఏదో ఒకటి చెయ్యమని మా బాపు, అంటే నాన్న, పంపాడు. వివరాలు కొట్టడం, కాగితం తీయడం, తెర మీద ఉన్నది పంతులుగారికి చదివి వినిపించడం నా పని. ఆయన కళ్లు మూసుకుని విని, ఫలితం చెప్పేవారు.

ఆ యంత్రం ఎంత నిదానమంటే, మీట నొక్కి కిందికి వెళ్లి టీ తాగి రావచ్చు. లోపలి హార్డ్ డిస్క్ తిరగలిలో జొన్నలు పోసి విసిరినట్టు కరకరమని చప్పుడు చేసేది. ఆ చప్పుడు మొదలవగానే పల్లెల నుంచి వచ్చిన పెద్దవాళ్లు గడప అవతలికి వెళ్లి చెప్పులు విప్పి వచ్చేవారు. కొందరు దండం పెట్టేవారు. నాకు లోపల గర్వంగా ఉండేది.

అయితే మాకు వచ్చే వాళ్లలో ఎక్కువమంది దుబాయి నుంచి సెలవు మీద దిగిన పెళ్లీడు అబ్బాయిలు. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల వైపు వాళ్లు. మెట్లు ఎక్కకముందే అత్తరు వాసన వచ్చేది. తిరుగు టికెట్టు జేబులోనే ఉండేది. ఆ కాస్త సెలవులో పిల్లను చూడాలి, జాతకాలు కలవాలి, పెళ్లి జరగాలి, మళ్లీ విమానం ఎక్కాలి. ఒక్కొక్కరూ నలుగురైదుగురు అమ్మాయిల వివరాలు పట్టుకొచ్చేవారు. పెళ్లిళ్ల కాలంలో మెట్ల మీద వరుస చెప్పుల దుకాణం దాకా దిగేది. కింద దుకాణదారు గొణిగేవాడు. పైన యంత్రం విసురుతూనే ఉండేది.

“బిడ్డా, ముహూర్తాలు ఆగుతలేవు. గీ మిషిన్ ఒక్కటే ఆగుతున్నది. ఏదన్న ఉపాయం సూడు,” అన్నారు పంతులుగారు.

ఉపాయం సత్తార్ భాయ్ చెప్పాడు. అతను రేడియోలు, టీవీలు బాగుచేస్తూ కంప్యూటర్లు విప్పడం కూడా నేర్చుకున్నవాడు. డబ్బా తెరిచి చెవి పెట్టి విన్నాడు. లోపల తిరిగే హార్డ్ డిస్క్ పాతబడింది, దాని చోట కొత్త రకం వేస్తే ఇదే యంత్రం పరుగెత్తుతుంది అన్నాడు. హైదరాబాదులో డీలరు పాతది తీసుకుని, దానికి కొంత తగ్గించి కొత్తది ఇస్తాడట. పంతులుగారు సరేనన్నారు.

కొత్త డిస్క్ వచ్చిన రోజు శనివారం. పాతదాని ప్రాణం ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి, దాన్ని కదిలించే ముందు అందులో దాచిన జాతకాలన్నీ ఫ్లాపీల్లోకి ఎక్కించమన్నాడు సత్తార్ భాయ్. నేను ఒకదాని తరువాత ఒకటి పెట్టి తీస్తున్నాను. ఒక పక్క గడియారం చూస్తున్నాను. స్నేహితురాళ్లు మ్యాట్నీ టికెట్లు తీసుకుని హాలు దగ్గర నిలబడి ఉన్నారు మరి.

ఆఖరి ఫ్లాపీ దగ్గర యంత్రం మూలిగింది. తెర మీద ఇంగ్లిషులో ఒక వాక్యం వచ్చింది. ఇక్కడి నుంచి చదవలేకపోతున్నాను, మళ్లీ ప్రయత్నించనా, వదిలేయనా అని అడుగుతోంది. నేను వదిలేయమని నొక్కాను.

చదవకుండా నొక్కానా? లేదు. చదివాను. అర్థమైంది కూడా. అదే కదా బాధ.

“అన్ని అచ్చినయా అక్కా?” అని సత్తార్ భాయ్ అడిగాడు. “జర మల్లొక్కసారి సూసుకోండ్రి. గీ పాతదాన్ని నేను పురాగ తుడిసి హైదరాబాద్ పంపుత. తర్వాత అడిగితే నాతోని గాదు.”

“అన్నీ వచ్చినయ్ భాయ్, నువ్వు కానియ్,” అన్నాను, చెప్పులు వేసుకుంటూ.

సినిమా బాగుంది. ఇంటర్వెల్‌లో సమోసాలు తిన్నాం. ఆ సాయంత్రం నా అంత సంతోషంగా కరీంనగర్‌లో ఇంకెవరూ లేరు.

సోమవారం వచ్చి చూస్తే యంత్రం యంత్రంలా లేదు. మీట నొక్కానో లేదో తెర వెలిగింది. పరీక్ష కోసం ఏదో ఒక జాతకం వేయాలి కదా. నాకు కంఠతా వచ్చిన పుట్టిన వివరాలు నావే. కొట్టాను. రెప్పపాటులో నా జాతకమంతా తెర మీద నిలబడింది. చప్పుడు లేదు, విసురు లేదు. పంతులుగారు చేతులతో డబ్బాను తడిమి, “నడుస్తున్నదా బిడ్డా?” అని అడిగారు.

మేం ఊహించనిది ఆ తరువాత జరిగింది. పెద్దపల్లి నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన చేతిలో పెట్టిన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“అప్పుడే అయిపాయెనా? పోయినసారి ఎంతసేపు నూరింది! ఇది ఏం సూడకుంటనే ఇచ్చినట్టున్నది.”

ఆయన ఒక్కడే కాదు. అంత జల్దీగా వచ్చిన జాతకాన్ని ఎవరూ నమ్మలేదు. ఒకరిద్దరు కాగితం బల్ల మీదే వదిలేసి, చేత్తో వేసే ఇంకో అయ్యవారి దగ్గరికి వెళ్లారు. పంతులుగారు పరేషాన్ అయ్యారు.

“బిడ్డా, దీన్ని జర నిమ్మలంగ నడిపిస్తానికి రాదా?”

వచ్చు. నాకు నేర్పిన కాస్త విద్యతో ఒక చిన్న ఏర్పాటు చేశాను. వివరాలు కొట్టగానే తెర మీద గ్రహాల పేర్లు ఒక్కొక్కటే నెమ్మదిగా రావాలి, ఒక్కో పేరుకు కుయ్‌మని ఒక కూత వినిపించాలి. నిజానికి జాతకం మొదటి కూతకు ముందే తయారై ఉండేది. అయినా శని పేరు దగ్గర కూత కొంచెం పొడుగ్గా పెట్టాను. జనం మళ్లీ చెప్పులు విప్పడం మొదలుపెట్టారు. వేగం కోసం పంతులుగారు ఖర్చు పెట్టారు, ఆ వేగాన్ని దాచడానికి నేను బుర్ర పెట్టాను. ఎంత నవ్వుకున్నామో! అబద్ధం అంత సరదాగా అలవాటవుతుందని నాకు అప్పుడు తట్టలేదు.

ఆ వారంలోనే లసుమవ్వ వచ్చింది. మెట్‌పల్లి దగ్గరి పల్లె. వెంట కూతురు స్వరూప. ఇంచుమించు నా వయసే. ఎదురు బెంచీ మీద పెళ్లికొడుకు గంగాధర్, వాళ్ల నాయన. గంగాధర్ దుబాయిలో ఏసీలు బిగించే పనిలో ఉన్నాడు. వారం తిరిగితే ప్రయాణం. పిల్ల నచ్చింది. పిల్లవాడు నచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూడనట్టు చూసుకుంటున్నారు. ఇక జాతకాలు కలిస్తే చాలు.

“పిల్ల జాతకం కాగితం తెచ్చినవా అవ్వా?” అని పంతులుగారు అడిగారు.

“ఎక్కడిది సామీ, మొన్న గోదావరిఖని సంబంధపోళ్లకు ఇస్తిమి. వాళ్లు తిరిగి ఇయ్యనే లే. మీ మిషిన్ల ఉంటది గదా అని అచ్చినం.”

“ఉంటది ఉంటది. మా మిషిన్ ఒక్కసారి పెట్టుకుంటె మరిసేది లేదు. తియ్యి బిడ్డా.”

వెతికాను. పేరు లేదు. ఊరి పేరుతో వెతికాను. లేదు. అప్పుడు నాకు ఆఖరి ఫ్లాపీ గుర్తొచ్చింది. స్వరూప జాతకం హైదరాబాదులో ఎక్కడో, తుడిచేసిన డిస్క్‌లో, ఇక ఎవరికీ అందకుండా పోయింది. సినిమా పాటలు చెవుల్లో గింగురుమన్నాయి.

“పుట్టిన యాళ్ల ఒక్కసారి చెప్పుతవా అవ్వా?” అన్నాను.

“నాకేం ఎరుక బిడ్డా? మా అత్తకు ఎరుక. ఆమెనే అయ్యగారికి చెప్పింది. ఆమె పాయె గదా, మాఘమాసంల.”

గంగాధర్ తండ్రి గొంతు సవరించుకున్నాడు. “ఏమైంది, ఇంతసేపు? మిషిన్ల లేదా ఏంది?”

స్వరూప నా వైపు చూసింది. ఆ చూపును ఎలా చెప్పను? పరీక్ష ఫలితాలు చదివే వాళ్ల నోటి వైపు చూస్తాం చూడండి, అలా ఉంది.

లేదు అనవచ్చు. పోయింది అనవచ్చు. అంటే ఎందుకు పోయిందో చెప్పాలి. పంతులుగారి మాట పోతుంది, నా కొలువు పోతుంది, బహుశా ఈ సంబంధమూ పోతుంది. ఇదంతా అంత నిదానంగా ఆలోచించానని అబద్ధమాడను. నా వేళ్లు ముందు కదిలాయి. పరీక్ష కోసం వేసిన నా జాతకం అక్కడే ఉంది. దాన్ని తీశాను. పేరున్న చోట నా పేరు చెరిపి స్వరూప అని కొట్టాను. కూతలు మొదలయ్యాయి. సూర్యుడు, చంద్రుడు. అందరూ చేతులు కట్టుకుని వింటున్నారు. పల్లెలో పుట్టిన తేదీ ఎవరూ రాసి పెట్టుకోలేదు కాబట్టి అడిగేవాళ్లు లేరు. తెర మీద ఇంగ్లిషు. పంతులుగారి కళ్లకు పొర.

జాతకాలు అద్భుతంగా కలిశాయి. నేను చదువుతుంటే పంతులుగారు తొడ చరిచారు. “గిసొంటి పొంతన నేను శానా తక్కువ సూసిన!” అన్నారు. గంగాధర్ తండ్రి మొదటిసారి నవ్వాడు. లసుమవ్వ కళ్లు తుడుచుకుంది. నా నక్షత్రాలకు అంత చక్కగా కుదిరిన పెళ్లికొడుకు నా ముందే ఇంకొకరికి సంబంధంగా ఖాయమవుతుంటే, నాకు ఆ భయంలోనూ ఒక వెర్రి నవ్వు వచ్చింది. దాన్ని దగ్గుగా మార్చుకున్నాను.

“ఒక్కటే, జర శని ఉన్నడు,” అన్నారు పంతులుగారు. “ఫికర్ చెయ్యకుండ్రి. శాంతులు చదువు బిడ్డా.”

చదివాను. శనివారం ఒక్కపూట భోజనం. నల్లబట్ట కట్టకూడదు. ఏటేటా కొండగట్టు అంజన్న గుడి చుట్టూ ప్రదక్షిణలు. నలభై ఏళ్లు నిండేవరకు సముద్రం దాటితే కీడు. ఇవన్నీ అంతకుముందే నా జాతకానికి చెప్పినవి. మా ఇంట్లో బాపు విని నవ్వి ఊరుకున్నాడు. నేను ఒక్క శనివారం కూడా పస్తు లేను.

తరువాత కొన్నాళ్లు సరిదిద్దాలనే చూశాను. గోదావరిఖని వాళ్ల చిరునామా కనుక్కుని కబురు పంపాను. ఆ కాగితం ఎక్కడో పారేశామన్నారు. ఈలోపు పెళ్లి జరిగిపోయింది. పెళ్లికి నన్ను పిలిచారు. కొత్త చీర పెట్టి, పెద్దవాళ్ల వరుసలో కూర్చోబెట్టారు. “గీ కంప్యూటరక్కనే కలిపింది మమ్ములను,” అని స్వరూప అందరికీ చూపించింది. మటన్ కూర రుచి ఇప్పటికీ గుర్తుంది. ముద్ద మింగడం కష్టమైన సంగతీ గుర్తుంది. కానీ తిన్నాను.

ఇంతవరకే అయితే నేను మీ దాకా వచ్చేదాన్ని కాదు. భయపడ్డ పిల్ల చేసిన తెలివితక్కువ పని అని నన్ను నేను ఎప్పుడో ఊరడించుకునేదాన్ని. దీని తరువాతిది వేరు.

పెళ్లయిన కొన్నేళ్లకు స్వరూప మళ్లీ మా మెట్లు ఎక్కింది. చంకలో బిడ్డ. ముఖం వెలిగిపోతోంది.

“అక్కా, ఆయన పిలుస్తుండు. ఫ్యామిలీ వీసా ఇస్తరట. అక్కడ కంపెనీయే ఇల్లిస్తదట. మా అత్త ఏమో జాతకంల సముద్రం దాటద్దని ఉన్నది అంటది. జర మల్లొక్కసారి మిషిన్ల సూడుండ్రి. అప్పుడు తప్పు పడ్డదేమో!”

తప్పు పడ్డదేమో! ఆమె నోటితోనే అంది. తలుపు తెరిచి పట్టుకుని, నన్ను బయటికి రమ్మన్నట్టే ఉంది. అవును స్వరూపా, తప్పు పడింది, అంటే సరిపోయేది. కనీసం ఆ ఒక్క వాక్యం చదవకుండా దాటేస్తే సరిపోయేది. పంతులుగారికి తెర కనిపించదు.

“చదువు బిడ్డా,” అన్నారు పంతులుగారు.

నేను చదివాను. ఉన్నది ఉన్నట్టు. ఎందుకు? వాళ్ల ఇంట్లో ఉన్న కాగితంలో ఆ వాక్యం ఉంది. ఇక్కడ లేదంటే, రెండిటికీ తేడా ఎందుకని అడుగుతారు. ఆ ప్రశ్న ఎక్కడికి దారి తీస్తుందో నాకు తెలుసు. మొదటిసారి నాకు ఆలోచించే వ్యవధి లేదు. ఈసారి ఉంది. నెమ్మదిగా నడవడానికి నేనే కదా ఏర్పాటు చేసింది? కూత కూతకూ మధ్య కావలసినంత వ్యవధి. అంత వ్యవధిలోనూ నన్ను నేను కాపాడుకోవడమే నాకు తోచింది.

“పోవద్దా అక్కా?” అంది స్వరూప.

“ఇండ్ల అయితే గట్లనే ఉన్నది,” అన్నాను.

ఒక్క క్షణం బిడ్డ తల నిమిరింది. తరువాత నవ్వింది. “మంచిగాయె తియ్యుండ్రి. ఆడ ఎండలు బాగనట.” మెట్లు దిగి వెళ్లిపోయింది. కింద దుకాణంలో బిడ్డకు చెప్పులు కొంటున్న మాటలు పైకి వినిపించాయి.

గంగాధర్ అక్కడ, ఆమె ఇక్కడ. అతను సెలవు మీద వచ్చేవాడు, వెళ్లేవాడు. బిడ్డ నడిచింది, మాటలు నేర్చింది, బడికి వెళ్లింది. చివరికి అతనే ఇక చాలని తిరిగి వచ్చి, మెట్‌పల్లిలో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే దుకాణం పెట్టాడు. దుకాణం బాగా నడిచింది. వాళ్లిద్దరూ కలిసి ఉంటే నవ్వులే నవ్వులు. అది చూసినప్పుడల్లా, చూశావా, అంతా మంచికే అయింది, అని నాకు నేను చెప్పుకునేదాన్ని. అయింది సరే, మధ్యలో పోయిన ఆ ఏళ్ల మాటేమిటి? ఆ మంచి నా వల్ల జరిగిందని చెప్పుకోవడానికి నాకు ఏం హక్కు ఉంది?

నా జీవితం మాత్రం హాయిగా సాగింది. బాపు జాతకాలు చూడకుండానే పెళ్లి చేశాడు. మా ఆయన బడిపంతులు. ఆదిలాబాద్‌లో కాపురం. ఇంటి పక్కన జిన్నింగు మిల్లు, పత్తి బండ్లు, ఎదురింటి మరాఠీ అత్త పంపే జొన్నరొట్టెలు. శనివారాలు మూడు పూటలా తిన్నాను. నల్లచీరలు కట్టాను. అందులో ఒకటి స్వరూప ఇచ్చినదే. దుబాయి నుంచి భర్త తెచ్చిన పట్టులాంటి నల్లచీర, ఎర్రంచు. “నాకు నలుపు పడదు గదక్కా, మీరు కట్టుకోండ్రి. మీకు మంచిగుంటది,” అంది. నిజంగానే బాగుండేది.

ఇంకోటి చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, ఫరవాలేదు. ఆ జాతకం కాగితం మీద పుట్టిన తేదీ ఉంది కదా, ఇంట్లో వాళ్లు అదే స్వరూప పుట్టినరోజు అనుకున్నారు. ప్రతి ఏడూ నాకు ఫోన్ వచ్చేది. “అక్కా, ఇయ్యాల నా పుట్టినరోజు. మీ దీవెన కావాలె.” నా పుట్టినరోజు నాడు నేను ఆమెను దీవించేదాన్ని. పట్టుబడతానని మా ఆయనకు కూడా అసలు తేదీ చెప్పలేదు. ఆయన ఇప్పటికీ నా బడి సర్టిఫికెట్‌లోని తేదీకి మిఠాయి తెస్తాడు.

శాంతులు అక్కర్లేదని చెప్పి చూశాను. “ఇంక చాలు స్వరూపా, దోషం ఎప్పుడో పోయి ఉంటది,” అంటే, “మిషిన్ చెప్పిందా అక్కా?” అనేది. చెప్పిందని ఒక కాగితం తీసి ఇచ్చేద్దామా అని కూడా అనుకున్నాను. ఒక దొంగ కాగితాన్ని ఇంకో దొంగ కాగితంతో కొట్టేయడం! చేతులు రాలేదు. నిర్మల్ మీదుగా వెళ్లినప్పుడల్లా వాళ్ల పిల్లకు కొయ్యబొమ్మలు కొనుక్కెళ్లేదాన్ని. బొమ్మలతో ఏం తీరుతుంది? పంతులుగారికైనా చెప్పాల్సింది. ఆపరేషను అయ్యాక ఆయనకు చూపు చక్కగా వచ్చింది. నన్ను చూసి, “గిట్లుంటవా బిడ్డా నువ్వు!” అని మురిసిపోయారు. ఆ ముఖం చూస్తూ చెప్పలేకపోయాను. ఆ తరువాత ఆయన పోయారు.

ఇటీవల ఒక రోజు ఫోన్ వచ్చింది. “అక్కా, కొండగట్టుకు అస్తున్న. మీరు గూడ రాండ్రి, సూసి శానా రోజులాయె. ఈసారి నా బిడ్డతోని గూడ తిప్పిస్త. తల్లికి శని ఉంటె బిడ్డకు గూడ తాకుతదని మా దిక్కు అయ్యగారు చెప్పిండు. దానికి సంబంధాలు సూస్తున్నం గద.”

ఫోన్ పెట్టేసి సంచి సర్దడం మొదలుపెట్టాను. నా దోషం ఆ ఇంట్లో తరువాతి తరానికి వెళుతోంది. లేని దోషం. ఉంటే గింటే నాది. ఆ పిల్ల ఆకలితో ఉండబోతోంది. ఏ దేశానికో వెళ్లాలనుకుంటే ఎవరో ఒకరు వద్దంటారు. మరునాడే బస్సెక్కాను.

గుడి మెట్ల పక్కన అరుగు మీద కూర్చున్నాం. కూతురు కింద ఆటోలో ఉందట, వస్తుందట. స్వరూప నా కోసం తెచ్చిన సకినాల డబ్బా తెరిచింది. ఒకటి తుంచి నోట్లో వేసుకున్నాక చెప్పడం కష్టమని, వేసుకోకముందే చెప్పాను. డిస్క్, సినిమా, ఆఖరి ఫ్లాపీ, పేరు మార్చడం, అన్నీ.

ఆమెకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తరువాత నవ్వు మొదలైంది. అలాంటి ఇలాంటి నవ్వు కాదు. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. దారిన పోయేవాళ్లు చూశారు.

“అంటె ఇన్నేండ్ల సంది నేను తిరిగింది మీ కోసమా? శనివారం శనివారం కడుపు మాడ్చుకున్నది మీ శనికా? అక్కా, మరి నా పుట్టినరోజు?”

“అది గూడ నాదే.”

“అయ్యో! కేకు గూడ కోసిన గదక్కా!” మళ్లీ నవ్వు. నేనూ నవ్వాను. ఇద్దరం ఒకరి భుజం మీద ఒకరం పడి నవ్వాం. ఎంత తేలికైపోయిందో నాకు! ఇంత సులువా, ఇన్నేళ్లు అనవసరంగా మోశానా అనుకున్నాను.

అప్పుడు ఆమె నవ్వు ఆగింది.

“మరి, సముద్రం?”

నేను తల దించుకున్నాను. “అది గూడ నాదే. నువ్వు బిడ్డను ఎత్తుకొని అచ్చిననాడు గూడ నాకు ఎరుకనే.”

స్వరూప డబ్బా మూత పెట్టింది. మూత సరిగా పడలేదు. మళ్లీ పెట్టింది.

“మా బిడ్డ తండ్రిని సూసి ఏడ్చేది,” అంది, నా వైపు చూడకుండా. “ఎవలో అనుకొని. ఆయన మొఖం అటు తిప్పుకొని బయటికి పోయేటోడు. సెలవు అయిపోయే యాళ్లకు అది ఆయన దగ్గర పండుకునుడు నేర్చేది. మల్ల పోయేటోడు.”

క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను. అడగలేదు. అడిగితే ఆమె ఇవ్వక తప్పదు, స్వరూప అలాంటిది. అది కూడా ఆమె చేత బలవంతంగా ఇప్పించుకోవడమే అవుతుందనిపించింది.

ఆమె లేచింది. చీర కుచ్చిళ్లు దులుపుకుంది. “బిడ్డను ఇంటికి తీస్కపోత. అది తిరుగది. దానికేం లేదు.” రెండడుగులు వేసి ఆగింది. “మీ మొక్కు మీరే తిరుగుండ్రి అక్కా. నేనిగ తిరుగ.”

కోపంగా అందా, ఎగతాళిగా అందా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. మెట్లు దిగుతున్నప్పుడు ఆమె భుజాలు కదిలాయి. అది ఏడుపో నవ్వో వెనక నుంచి తెలియలేదు.

నాకు నమ్మకాలు తక్కువ. అయినా వెళ్లి గుడి చుట్టూ తిరిగాను. ఎన్ని చుట్లో లెక్క పెట్టుకోలేదు. కాళ్లు నొప్పి పుట్టాయి. ఒక కోతి వచ్చి, స్వరూప వదిలి వెళ్లిన సకినాల డబ్బా పట్టుకుపోయింది. పక్కనున్న ముసలామె, “పోనియ్ బిడ్డా, సామి తీస్కున్నడు,” అంది. నేను గట్టిగా నవ్వేశాను. తరువాత ప్రసాదం పులిహోర తిన్నాను. ఆకలి బాగా వేసింది.

ఆ తరువాత స్వరూప నుంచి ఫోన్ రాలేదు. నేను చేయలేదు. గంగాధర్‌కు చెప్పిందో లేదో తెలియదు. కూతురి పెళ్లికి నన్ను పిలుస్తుందో లేదో తెలియదు. పిలిస్తే వెళతాను. పిలవకపోతే, పిలవకపోవడం ఆమె హక్కు. అన్నీ చెప్పేశాను కదా అని నాకు నేను మార్కులు వేసుకోవడం లేదు. చాలా ఆలస్యంగా చెప్పాను, అదీ బిడ్డ మీదికి వస్తే తప్ప నోరు పెగల్లేదు.

అయినా ఒకటి చెప్పాలి. ఆ రోజు జగిత్యాలలో బస్సు మారి కిటికీ పక్కన కూర్చున్నాను. మామిడి బండ్లు ఎదురొస్తున్నాయి. గాలి బాగుంది. నేను చేసిన పని నాకూ, నేను ఎవరికి చేశానో ఆమెకూ తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు. మీరు ఏమనుకున్నా సరే. నేను ఆదిలాబాద్ దాకా, దారి పొడవునా, హాయిగా నిద్రపోయాను.